ఐఎస్ఓ 9001 (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న సంస్థలో నాణ్యత సంస్కృతి, అంటే నాణ్యతను అందరూ తమ పనిగా చూసుకునే అలవాటు, ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదు, ఆ సర్టిఫికెట్ సంస్థ నిర్వహణ పద్ధతులకు ఇచ్చేది, తయారైన సరుకుకో పనివాళ్ల అలవాట్లకో ఇచ్చేది కాదు. ఆడిటర్ వచ్చే రోజులు కొన్నే. మిగతా రోజుల్లో లోపం కనబడితే పని ఆపడం కార్మికుడికి లాభమా, నష్టమా అన్నదాన్ని బట్టే అలవాటు ఏర్పడుతుంది.

గుంటూరులో ఒక కారం మిల్లును ఊహించుకోండి. తొడిమలు తీసే మహిళలకు శుభ్రం చేసిన కాయల తూకాన్ని బట్టి కూలి ఇస్తే, బూజు పట్టిన కాయను పక్కన పడేసిన ప్రతిసారీ వాళ్ల కూలికే కోత. ఇక ఎవరు ఏరుతారు? ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. మరలో ఆడించినా, కూరలో ఉడికించినా అది పూర్తిగా పోదు. ల్యాబ్ దాన్ని పట్టుకోగలదు గానీ కారంలోంచి తీసేయలేదు. ఏరేసిన కాయలకూ కూలి కట్టిస్తే పరిస్థితి మారుతుంది. గోడ మీద నాణ్యత నినాదాలకు పెట్టే రంగు ఖర్చూ మిగులుతుంది!

నాణ్యత అంటే తనిఖీ విభాగం పని అనుకోవడమే చాలామంది పొరపాటు. ఇంకొకటి, ఐఎస్ఓ సంస్థ ప్రమాణాలు రాస్తుందే తప్ప సర్టిఫికెట్లు ఇవ్వదు. వాటిని ఇచ్చేది వేరే ధ్రువీకరణ సంస్థలు.