రక్తపాతమా, కొంప కొల్లేరా?

సందేహం: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడి తెలుగువాళ్ల కోసం వచ్చే ఒక చిన్న మాసపత్రికకు అమెరికా ఎన్నికల వార్తలు, వ్యాఖ్యలు తెలుగు చేసి ఇస్తుంటాను. 2024లో ట్రంప్ 'బ్లడ్‌బాత్' అన్నప్పుడు 'రక్తపాతం' అని రాశాను. అది చదివి తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసి, 'మీ వీధిలో గొడవలేమైనా అవుతున్నాయా, పిల్లల్ని బడికి పంపుతున్నావా?' అని అడిగింది. నేను నిఘంటువు చూసే రాశాను. తప్పెక్కడ జరిగింది? అలాగే 'విచ్ హంట్'కు 'మంత్రగత్తెల వేట', 'రాడికల్ లెఫ్ట్'కు 'వామపక్ష తీవ్రవాదులు', 'డిస్ట్రాయ్డ్'కు 'నాశనం చేశాడు' అనడం సరైనదేనా? ఇలా హద్దుమీరి మాట్లాడటాన్ని అతిశయోక్తి అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అమ్మగారు తెలుగు సరిగ్గానే చదివారు. మీరు రాసిన మాటకు మన భాషలో ఏ అర్థం ఉందో అదే ఆమెకు అందింది. పాతం అంటే పడటం. వర్షపాతం, హిమపాతం, ఉల్కాపాతం ఎలాంటివో రక్తపాతమూ అలాంటిదే. నేల మీద నెత్తురు పడితేనో, పడుతుందని భయం ఉంటేనో ఆ మాట వాడతాం. ఇంగ్లీషులో 'బ్లడ్‌బాత్' అలా కాదు. షేర్లు పడినా, కంపెనీలో సగం మందిని తీసేసినా వాళ్లు ఆ మాట అనేస్తారు. వాడగా వాడగా అందులో నెత్తురు ఇంకిపోయింది. తెలుగు మాటలో ఇంకా తడి ఆరలేదు. నిఘంటువు రెండు మాటల్నీ పక్కపక్కన పెడుతుంది గానీ ఏది ఎంత అరిగిందో చెప్పదు.

ఆ మాట పుట్టిన సందర్భం చూడండి. 2024 మార్చి 16న ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర సభ. చైనా కంపెనీలు మెక్సికోలో కార్లు తయారుచేసి అమెరికాలో అమ్మబోతే నూరు శాతం సుంకం వేస్తానని ట్రంప్ చెబుతున్నారు. ఆ ఊపులోనే, తాను గెలవకపోతే దేశానికి బ్లడ్‌బాతేనన్నారు. కార్ల పరిశ్రమ గురించి అన్న మాట అని ఆయన ప్రచార బృందం, హింస జరుగుతుందని బెదిరిస్తున్నారని బైడెన్ పక్షం వాదించుకున్నాయి. 'రక్తపాతం' అని రాయగానే మీకు తెలియకుండానే మీరు రెండో పక్షం వైపు తీర్పు చెప్పారు. 'నేను గెలవకపోతే కొంప కొల్లేరే' అని రాసి ఉంటే మొదటి పక్షం వైపు చెప్పినట్టయ్యేది. ఇల్లు కొల్లేరు సరస్సులా నీళ్లపాలు కావడమంత నష్టం అందులో ఉంది, నెత్తురు మాత్రం లేదు. వాణిజ్య వార్తల్లో ఈ మాట వచ్చినప్పుడు నేను నిస్సంకోచంగా 'కొంప కొల్లేరు' అనే రాస్తాను. కానీ ఇక్కడ తగువంతా ఆ ఒక్క మాట మీదే. అందుకని 'బ్లడ్‌బాత్' అని తెలుగు లిపిలో ఉంచి, దానికి రెండు అర్థాలున్నాయని ఒక్క వాక్యం చేర్చడమే న్యాయం.

'మంత్రగత్తెల వేట' అంటే మన పాఠకుడికి పేదరాశి పెద్దమ్మ కథ గుర్తొస్తుంది. అమెరికా వాళ్లకు గుర్తొచ్చేది 1692లో మసాచుసెట్స్‌లోని సేలం ఊరు. మంత్రాలు వేస్తున్నారన్న నింద మీద అక్కడ 19 మందిని ఉరితీశారు. 2017 మేలో ట్రంప్ తన మీద దర్యాప్తును ఆ దేశ చరిత్రలో ఒక రాజకీయ నాయకుడి మీద జరిగిన అతిపెద్ద విచ్ హంట్ అన్నారు. మన దగ్గర కేసు పడ్డ ప్రతి నాయకుడి నోటా వచ్చే మాట 'కక్షసాధింపు'. అదే రాయండి, ఇక్కడ అదే అతుకుతుంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. ఆ బాధితుల గురించి రాయాల్సి వచ్చినప్పుడు 'మంత్రగత్తెల వేట' అన్న మాట పూర్తి బరువుతో దొరకాలి. దాన్ని దర్యాప్తు వార్తలకు ఖర్చుపెట్టవద్దు.

ఇక 'వామపక్ష తీవ్రవాదులు' మీ జాబితాలో అన్నిటికంటే ప్రమాదకరమైన అనువాదం. ప్రభుత్వ కాగితాల్లోనూ వార్తల్లోనూ వామపక్ష తీవ్రవాదమంటే మావోయిస్టుల సాయుధ పోరాటం. ఆ మాట చదివితే తెలంగాణ పాఠకుడికి అడవి, తుపాకి, ఎన్‌కౌంటర్ గుర్తొస్తాయి. అమెరికాలో 'రాడికల్ లెఫ్ట్' అన్న నింద ఎవరి మీద పడుతోంది? చాలాసార్లు అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కావాలని అడిగే డెమొక్రాట్ల మీద. ఒక ఓటరును మీరు అడవిలోకి పంపేశారు. 'పచ్చి లెఫ్టిస్టులు' అనండి. పచ్చి అబద్ధం, పచ్చి అవకాశవాది అన్నప్పటి ఆ 'పచ్చి'లో తిట్టూ ఉంటుంది, తీవ్రతా ఉంటుంది. తుపాకి ఉండదు. 'లిబరల్'తోనూ ఇదే చిక్కు. అక్కడి కుడిపక్షం నోట అది తిట్టు. మనం 'ఉదారవాది' అంటే ఉదారుడు తొంగిచూస్తాడు, తిట్టు కాస్తా మెచ్చుకోలవుతుంది. తిట్టుగా వచ్చిన చోట 'లిబరల్' అనే ఉంచండి.

కుడివైపు తిరిగినా చిక్కు తప్పదు. 1964 జులై 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో రిపబ్లికన్ల మహాసభలో బారీ గోల్డ్‌వాటర్ అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వేచ్ఛను కాపాడటంలో 'ఎక్స్‌ట్రీమిజం' దోషం కాదు, న్యాయం కోసం పాటుపడటంలో 'మోడరేషన్' సుగుణం కాదు అన్నారాయన. దీన్ని తెలుగు చేయమంటే వెంటనే అతివాదం, మితవాదం తడతాయి. 1907లో సూరత్ కాంగ్రెస్ చీలినప్పటి చరిత్ర చెప్పేటప్పుడు తిలక్ పక్షాన్ని అతివాదులనీ గోఖలే పక్షాన్ని మితవాదులనీ అన్నాం కాబట్టి ఆ జంట మన నాలుక మీద సిద్ధంగా ఉంది. కానీ మన వామపక్ష రచనల్లో మితవాదమంటే కుడిపక్షం అని మరో అర్థం స్థిరపడింది. గోల్డ్‌వాటర్ కుడిపక్షానికి పెద్ద నాయకుడు. అప్పుడు 'మితవాద నాయకుడు మితవాదాన్ని ఖండించాడు' అన్న వాక్యం పుడుతుంది! పాఠకుడు తల పట్టుకుంటాడు. నేనైతే ఇలా రాస్తాను: 'స్వేచ్ఛను కాపాడుకోవడంలో ఎంత దూరం వెళ్లినా తప్పు కాదు. న్యాయం సాధించడంలో ఆచితూచి నడవడం గొప్పా కాదు.' వాదాలు రెండూ పోయాయి, వాక్యంలోని తూకం నిలిచింది. ఆ ఉపన్యాసానికి కరతాళధ్వనులు తెచ్చింది ఆ తూకమే.

ఇలాంటి రాతల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఒక ఎపాస్ట్రఫీ, అంటే ఇంగ్లీషులో 'ఎస్' ముందు అక్షరాల పైన పెట్టే చిన్న కొమ్ము లాంటి గుర్తు. 2024 అక్టోబర్ చివర్లో న్యూయార్క్‌లో జరిగిన ట్రంప్ సభలో ఒక హాస్యనటుడు ప్యూర్టోరికోను నీళ్లలో తేలే చెత్త దీవి అన్నాడు. రెండు రోజులకు, 29న, బైడెన్ దానికి జవాబిస్తూ, తనకు కనిపిస్తున్న చెత్తల్లా ట్రంప్ 'సపోర్టర్స్' అని, తడబడి, లాటినోల మీద దుష్ప్రచారం సంగతికి వెళ్లారు. మద్దతుదారులే చెత్త అన్నారా, మద్దతుదారుడి మాటలు చెత్త అన్నారా? వైట్‌హౌస్ రాతప్రతిలో 'ఎస్' ముందు ఎపాస్ట్రఫీ పెట్టి రెండో అర్థం తెచ్చారు. ఉపన్యాసాలు విని ఉన్నదున్నట్టు రాసుకునే అక్కడి ఉద్యోగులే దానికి అభ్యంతరం చెప్పారు. ఇంగ్లీషు చెవికి రెండూ ఒకే చప్పుడు. తెలుగులో 'మద్దతుదారులు' వేరు, 'మద్దతుదారుడి' వేరు. మన విభక్తి దాపరికం ఒప్పుకోదు, తేల్చి చెప్పమంటుంది. అనువదించడమంటే తేల్చేయడమే అవుతుంది. ఇక్కడ 'సపోర్టర్స్' అని తెలుగు లిపిలో రాస్తే చాలు. మన లిపిలో ఎపాస్ట్రఫీ లేదు కాబట్టి సందేహం చెక్కుచెదరకుండా పాఠకుడికి చేరుతుంది.

'డిస్ట్రాయ్డ్', 'స్లామ్డ్' లాంటి క్రియలకు మన దగ్గర కొదవే లేదు. ఉతికి ఆరేశాడు, కడిగేశాడు, నోరు మూయించాడు, దుమ్మెత్తిపోశాడు. అయితే 'తూర్పారబట్టాడు' మాత్రం ఆచితూచి వాడండి. కళ్లంలో గాలికి ధాన్యం పోసి పొల్లును వేరుచేయడం తూర్పారబట్టడం. అవతలివాడి వాదంలో పొల్లెంతో చూపినప్పుడే అది చెల్లుతుంది. వట్టి తిట్లకు ఆ మాట ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

హద్దుమీరిన మాటలో అందం శబ్దంలో ఉంటే శబ్దాన్నే పట్టుకోవాలి. 1970లో ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ తనను విమర్శించేవాళ్లను 'న్యాటరింగ్ నేబాబ్స్ ఆఫ్ నెగటివిజం' అన్నారు. ఆ మాట రాసిచ్చినది విలియం సఫైర్. నేబాబ్ మన నవాబే. కంపెనీ కాలంలో ఇక్కడ సంపాదించుకుని ఇంగ్లండు చేరిన దొరలకు పేరై, అక్కడి నుంచి సముద్రం దాటింది. 'నసపెట్టే నైరాశ్యపు నవాబులు' అంటే నకారాలు మూడూ దక్కుతాయి, నవాబూ ఇంటికొస్తాడు.

చివరి ప్రశ్న. అతిశయోక్తి అలంకారం. చెప్పేవాడికీ వినేవాడికీ అది ఉన్నది ఉన్నట్టు చెప్పడం కాదని తెలుసు, ఇద్దరూ కలిసి ఆనందిస్తారు. లోకంలో ఉన్న హద్దును దాటకపోవడాన్ని సంస్కృత ఆలంకారికుడు దండి 'కాంతి' అనే కావ్యగుణంగా చెప్పి, దాటితే అత్యుక్తి అన్నాడు. ఈ వ్యాఖ్యలకు అత్యుక్తే తగిన పేరు. వాడుకలో చెప్పాలంటే గోరంతలు కొండంతలు చేయడం. అయితే ఈ రెండిట్లోనూ చేరని మాటలున్నాయి. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో సెనెటర్ జోసెఫ్ మెకార్తీ, విదేశాంగ శాఖలో ఉన్న 205 మంది కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నట్టు పత్రికల్లో వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ అంకె 57 అయింది. 'నీకు వందసార్లు చెప్పాను' అని అమ్మ అంటే ఎవరూ లెక్కపెట్టరు. అది అతిశయోక్తి. '205' అంటే వినేవాడు అవి ఎవరి పేర్లోనని వెతుకుతాడు. అలాంటి చోట అంకెను ఉన్నదున్నట్టు రాసి, పక్కన 'ఆరోపణ' అన్న మాట పెట్టండి.