శ్రావణికి, మొదటి పొర తీసే ముందు

శ్రావణీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "మన శ్రావణి ల్యాబ్‌లో కరెంటు పారే కాగితం లాంటిదేదో చేస్తుందట అక్కా" అన్నాడు. యాసిడ్ వాడతారా అని అడిగాను. "ఏమో, లిథియం ఫ్లోరైడ్ అంటోంది, అది ఉప్పేనట" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే కాఫీ కూడా తాగకుండా ఇది మొదలుపెట్టాను.

సంతోషం లేక కాదు తల్లీ. ఉద్యోగంలో చివరి మూడేళ్లూ నేను చేసిన పనే నా మేనకోడలి చేతికి వచ్చిందంటే నాకంటే ఎక్కువ మురిసిపోయేవాళ్లు ఎవరుంటారు? నువ్వు చేసే ఆ కాగితం లాంటిది మాక్సీన్ అనే పదార్థం, కరెంటు పారే అతి పలచటి రేకులు. 2011లో డ్రెక్సెల్ యూనివర్సిటీవాళ్లు ఫిలడెల్ఫియాలో మొదటి మాక్సీన్ చేశారు. 2016లో 45 మైక్రాన్ల మాక్సీన్ పొర ఒకటి విద్యుదయస్కాంత తరంగాలను 92 డెసిబెల్స్ దాకా ఆపిందని చదివిన రోజు, ఆ పేపర్ పట్టుకుని మా ల్యాబ్‌లో ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లాను. ఇప్పుడు దాన్ని నువ్వు చేస్తున్నావు.

పని సంగతి నీకు తెలిసిందే. మొదలుపెట్టే పొడిలో టైటానియం కార్బైడ్ పొరల మధ్య అల్యూమినియం ఉంటుంది. పూతరేకు చిరక్కుండా మధ్యలో చక్కెర మాత్రం తీసేసినట్టు, ఆ అల్యూమినియాన్ని తీసేయాలి. 9 మోలార్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో లిథియం ఫ్లోరైడ్ కలిపి, పొడిని చిటికెడు చిటికెడుగా పది నిమిషాల పాటు వెయ్యాలి. ఒక్కసారి కుమ్మరిస్తే వేడెక్కి పొంగుతుంది. 35 డిగ్రీల దగ్గర ఒక రోజు కలియనివ్వు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూత బిగించకు. గాజు వాడకు, ప్లాస్టిక్ సీసానే వాడు.

గాజు ఎందుకొద్దో ఒక్కసారి ఆలోచించు. ఆ సీసాలో గాజుని కూడా తినేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, అదే హెచ్ఎఫ్, ఉంటుంది. నువ్వు పొయ్యలేదు, బీరువాలో దాని బాటిలే లేదు, అయినా ఉంటుంది. ఆ ఉప్పూ ఈ యాసిడ్ కలిసి అక్కడికక్కడే దాన్ని పుట్టిస్తాయి. "మేం హెచ్ఎఫ్ వాడం అత్తా, సేఫ్ పద్ధతి" అని నువ్వు అంటావని తెలుసు. మా ల్యాబ్‌లో పిల్లలూ అదే అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె జారిపోయేది.

ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకీ పూర్తిగా తెలియదు.

1988లో నేను ఉద్యోగంలో చేరిన కొత్త. సిలికాన్ పలకల మీద ఆక్సైడ్‌ను పలచటి హెచ్ఎఫ్‌లో ముంచి తీసే పని. ఒక మధ్యాహ్నం గ్లవ్ విప్పితే కుడి చూపుడువేలి కొస తడిగా ఉంది. చెమట అనుకున్నాను. గ్లవ్‌కి సూదిమొన అంత చిల్లు ఉందేమో అని ఒక్క క్షణం అనిపించింది. నొప్పి లేదు, మంట లేదు, ఎర్రబడలేదు. కొళాయి కింద వేలు పెట్టి, చీరకొంగుతో తుడుచుకుని పనిలో పడ్డాను. సెక్షన్‌లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. చేరి రెండు నెలలు కాలేదు. "ఇందుకే ఆడవాళ్లకి ఈ పని ఇవ్వకూడదు" అంటారని భయం. ఎవరికీ చెప్పలేదు.

రాత్రి ఎనిమిదింటికి బెండకాయలు తరుగుతుంటే గోరు కింద చిన్నగా కొట్టుకోవడం మొదలైంది. పదింటికి వేలు తీసుకెళ్లి రోట్లో పెట్టి దంచుతున్నట్టుంది. చూస్తే మాత్రం వేలు మామూలుగానే ఉంది, పొక్కు కూడా లేదు. అదే దాని స్వభావం. పైన చర్మాన్ని వదిలేసి లోపలికి దిగుతుంది, దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఎక్కువ మేర పడితే గుండె కొట్టుకోవడమే గతి తప్పుతుంది. మీ మావయ్య నన్ను స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఏమైందని డాక్టరు అడిగితే, వంటింట్లో కాలిందని చెప్పాను. శ్రావణీ, నేను చేసిన తప్పు ఇదే. చిల్లు గ్లవ్ కాదు, ఈ అబద్ధం. ఆయన కాలిన గాయానికి రాసే మందు రాసి పంపేశాడు. తెల్లవారేదాకా వేలిని ఐసునీళ్ల గిన్నెలో ముంచి కూర్చున్నాను. పొద్దున్న మా సీనియర్ నా మొహం చూసి, అడక్కుండానే చెయ్యి పట్టుకుని, ఆ యాసిడ్‌కి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దుతూ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. తిడుతూనే కళ్లు తుడుచుకున్నారాయన. గోరు తీసేశారు. మళ్లీ వచ్చింది కానీ వంకరగా వచ్చింది. ఆ వేలి కొసకి ఈ రోజుకీ స్పర్శ లేదు. నువ్వు చిన్నప్పుడు, "అత్త మల్లెపూలు కట్టేటప్పుడు వేలెందుకు అలా ఎత్తిపెడుతుంది" అని అడిగేదానివి. ఇందుకే.

కాబట్టి పొడి తూచే ముందు జెల్ ఎక్కడుందో చూసుకో. ట్యూబు మీద తేదీ చూడు. పలచటి నీలం గ్లవ్స్ ఒక్కటే చాలవు, వాటి మీద మందపాటి నియోప్రీన్ గ్లవ్స్ వేసుకో. ఒంటరిగా, రాత్రిళ్లు ఆ పని చెయ్యకు. తడి తగిలిందని అనుమానం వస్తే చాలు, నొప్పి కోసం ఎదురుచూడకు. నీళ్లతో కడుగు, జెల్ రుద్దు, ఆసుపత్రికి వెళ్లి ఆ యాసిడ్ పేరు స్పష్టంగా చెప్పు. మీ గైడ్ కోప్పడితే పడనీ. నీ పేపర్ ఆలస్యమైతే కానీ. వింటున్నావా?

సరే, ఇక తిట్టను. కడగడం గురించి చెబుతాను, అక్కడే నీకు ఓపిక కావాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైన తేరిన నీళ్లు వంచడం, మళ్లీ నీళ్లు పొయ్యడం. మొదట్లో వంచిన నీళ్లన్నీ యాసిడ్ వేస్టే, సింకులో పొయ్యకు. పీహెచ్ పెరిగేకొద్దీ, అంటే యాసిడ్ తగ్గేకొద్దీ, అడుగున ముద్ద నానిన బంకమట్టిలా ఉబ్బుతుంది. అప్పుడు పైన నీళ్లు ముదురాకుపచ్చగా, దాదాపు నల్లగా మారతాయి. మొదటిసారి నేను దాన్ని మురికి అనుకుని వేస్టు డబ్బాలో పోసేశాను. అది మురికి కాదు, విడివడిన మాక్సీనే. నెల రోజుల పని పోయింది. రంగు రాగానే ఆగు. చేత్తో ఊపితే చాలు, తొందరపడి శబ్దతరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పెడితే రేకులు ముక్కలవుతాయి. ముక్కలెక్కువైతే వాటి మధ్య అతుకులెక్కువవుతాయి, కరెంటు ప్రతి అతుకు దగ్గరా తడబడుతుంది.

ఆ ద్రావణాన్ని అలాగే బెంచి మీద వదలకు. నీళ్లూ గాలీ కలిసి దాన్ని టైటానియం డయాక్సైడ్ చేసేస్తాయి, కొన్నాళ్లకి తెల్లగా పాలనీళ్లలా కనిపిస్తుంది. ఆర్గాన్ వాయువు ఊది, చల్లగా, చీకట్లో ఉంచు. వడపోశాక పొరని వ్యాక్యూమ్‌లో ఆరబెట్టు, గాలిలో వేడి చెయ్యకు. 2014లో ఈ పద్ధతి మొదలైనప్పుడు పొరలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిస్తే సెంటీమీటరుకు 1,500 సీమెన్స్ వస్తే గొప్ప. మొదటి పొడిలో అల్యూమినియం కాస్త ఎక్కువ వేసి చేసినవాళ్లు 2021కి 20,000 దాకా తీసుకెళ్లారు. నీకు మొదట వందల్లో వస్తే ఏడవకు, ముందు కొలిచే ప్రోబ్ సూదులు నాలుగూ పొరకి ఆనాయో లేదో చూసుకో.

పొర వడపోత మెంబ్రేన్ నుంచి ఊడి వచ్చేటప్పుడు అంచు తనంతట తానే లేస్తుంది. లాగకు, ఇంకాసేపు ఆరనివ్వు. ఎత్తి వెలుతురుకి పెడితే లోహంలా మెరుస్తుంది, వంచితే వంగుతుంది. చిటికెడు నల్లపొడి అలా మారిందంటే నమ్మబుద్ధి కాదు.

ఆదివారం మీ నాన్నతో రెండు జెల్ ట్యూబులు పంపుతున్నాను. ఒకటి ల్యాబ్‌లో అందరికీ కనబడేచోట పెట్టు, రెండోది నీ బ్యాగులో. దసరాకి వచ్చేటప్పుడు మొదటి పొరలోంచి గోరంత ముక్క రెండు గాజు పలకల మధ్య పెట్టి తీసుకురా. ఎడమ చేత్తో ముట్టుకుని చూస్తాను.

మీ అత్త