చేపల తొట్టి కోసం అత్యవసర నిధి తీయొచ్చా?

ప్రశ్న: మా పెరట్లో కొంత ఖాళీ జాగా ఉంది. కింద చేపల తొట్టి, పైన మొక్కల మడి పెట్టి ఆక్వాపోనిక్స్ (చేపల నీటితోనే మొక్కలు పెంచడం) చేయాలని చాలాకాలంగా కోరిక. ఇంతవరకు ఒక్క చేపను కూడా పెంచిన అనుభవం లేదు. రెడీమేడ్ కిట్ పన్నెండు నెలల ఈఎంఐ మీద వస్తుందంటున్నారు. సొంతంగా చేసుకుంటే అందులో మూడో వంతు ఖర్చుతో అయిపోతుందని లెక్క వేశాను. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. అందులోంచి కొంత తీద్దామనుకుంటున్నాను. చేపలకీ ఆకుకూరలకీ పెట్టే ఖర్చు మిగిలి, ఏడాదిలో పెట్టుబడి తిరిగొస్తుందా? బాగా కుదిరితే అమ్మకానికి కూడా పెంచొచ్చా?

జవాబు: కిట్ వద్దు, ఈఎంఐ అసలే వద్దు. తొట్టి మీరే కట్టుకోండి. అత్యవసర నిధి మాత్రం ముట్టుకోకండి. ఇక ఏడాదిలో పెట్టుబడి తిరిగి రావడం సంగతంటారా, ఆ ఆశ ఇప్పుడే వదిలేస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది.

మీరు పంపిన జాబితాలో తొట్టి, పైపులు, గులకరాళ్లు, పంపు, చేపపిల్లలు ఉన్నాయి. అన్నీ ఒక్కసారి పెట్టే ఖర్చులే. కరెంటు లేదు, మేత లేదు. ఈ పనిలో డబ్బు నిదానంగా కారిపోయేది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. మీ జాబితాలో ఉన్నది 500 లీటర్ల తొట్టి. కొత్తవాళ్లు వెయ్యి లీటర్ల నీటికి 10 నుంచి 20 కిలోల చేపలకు మించి పెంచకూడదు. మీరు కింది అంకెనే పట్టుకోండి. అంటే మీ తొట్టికి 5 కిలోలు, అరకిలో చేపలైతే పది. తిలాపియా లాంటి చేప వెచ్చటి నీటిలో ఆ బరువు రావడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. (మీ ప్రాంతంలో దాన్ని పెంచడానికి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి.) కిలో బరువు పెరగడానికి సుమారు కిలోన్నర మేత తింటుంది కాబట్టి, మొత్తం మేత ఏడెనిమిది కిలోలు. దాని గురించి భయం అక్కర్లేదు.

భయపడాల్సింది కరెంటు గురించి. నీటి పంపు 40 వాట్లు, గాలి పంపు 10 వాట్లు అనుకుందాం. రెండూ రాత్రింబవళ్లు తిరగాల్సిందే. రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36, ఏడు నెలలకు 250 దాటుతుంది. అయిదు కిలోల చేపలకు పంచితే కిలోకు 50 యూనిట్లు! మీ బిల్లులో ఉన్న యూనిట్ రేటుతో దాన్ని గుణించండి. వచ్చిన అంకెను, మీరు ఇప్పుడు చేపలు కొంటున్న ధరనూ పక్కపక్కన రాసుకోండి. నాకు ఉత్తరం రాసే ముందు ఈ ఒక్క లెక్క వేసుంటే మీ ప్రశ్న సగమయ్యేది.

అయితే ఆ 50 యూనిట్ల భారమంతా చేపల మీదే వేయడం న్యాయం కాదు. అవే నీళ్లు మడిని కూడా పోషిస్తాయి. రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత వేస్తే చదరపు మీటరు ఆకుకూరల మడికి సరిపడా పోషకాలు వస్తాయి. అందులో ఇరవై, పాతిక మొక్కలు పడతాయి, చాలా ఆకుకూరలు నాటిన నాలుగు నుంచి ఆరు వారాల్లో కోతకొస్తాయి. ఇంట్లో ఆకుకూరలు ఎక్కువగా తినేవాళ్లయితే డబ్బు మిగిలేది ఆ మడిలోనే. చేపల్ని ఎరువు తయారుచేసే పనివాళ్లుగా లెక్కేసుకోండి, నిరాశ ఉండదు.

పంపు విషయంలో మాత్రం బేరం మీ చేతిలో ఉంది. తొట్టిలో నీరంతా గంటకోసారి మడిలోకి వెళ్లి తిరిగొస్తే చాలు. అంటే మీకు కావలసింది గంటకు 500 లీటర్లు. పెట్టె మీద పెద్దక్షరాలతో రాసే అంకె నీటిని అసలు పైకి ఎత్తకుండా కొలిచింది. మీ మడి ఎత్తుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో పెట్టె పక్కనున్న గ్రాఫ్‌లో చూడండి. ఇంత చిన్న తొట్టికి 20 వాట్ల మంచి పంపు దొరికితే, 5 వాట్ల గాలి పంపుతో కలిపి మొత్తం 25 వాట్లు. నెలనెలా 18 యూనిట్లు మిగులుతాయి. పంపు కొనేటప్పుడు కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదని నేను చెప్పే అరుదైన సందర్భం ఇది.

పొదుపు చేయాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. తొట్టి సెకండ్ హ్యాండ్‌దైనా ఇబ్బంది లేదు, ఆహార పదార్థాలు నిల్వ చేసినదైతే చాలు. ఇంతకుముందు ఏం పోశారో తెలియని డ్రమ్ము ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. రాగి ఫిట్టింగులు, జింకు పూత వేసిన రేకులు నీటికి తగలనివ్వకండి, చేపలకు పడవు. మడిని మోసే స్టాండు దగ్గర కక్కుర్తి పనికిరాదు. 30 సెంటీమీటర్ల లోతున్న చదరపు మీటరు మడిలో 300 లీటర్ల గులకరాళ్లు పడతాయి, నీళ్లు కలపకుండానే అది అర టన్ను దగ్గరికి వస్తుంది.

ఆ అర టన్ను బరువు నాకు బాగా తెలుసు. నా మొదటి మడికి చవగ్గా వచ్చిందని తెల్లటి కంకర పోయించాను. నెల తిరిగేసరికి కొత్త ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. అది ఇనుము అందని లక్షణం. నీటి పీహెచ్ (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) 8 దాటి కూర్చుంది, ఏం చేసినా దిగదు. ఆఖరికి ఒక రాయి తీసి వెనిగర్ చుక్కలు వేస్తే సోడాలా బుసబుస పొంగింది. సున్నపురాయి! పీహెచ్‌ను దిగనివ్వనిది అదే. రెండు ఆదివారాలు ఒక్కో బకెట్ చొప్పున మొత్తం తోడిపోసి, వేరే రాళ్లు కొన్నాను. చవక కంకరకు రెండుసార్లు డబ్బు కట్టానన్నమాట. మీరు మాత్రం కొనే ముందే పిడికెడు రాళ్లు తెచ్చి వెనిగర్‌తో చూడండి.

చేపపిల్లల ఖర్చును మొదటి నెల జాబితాలోంచి తీసేయండి. చేపలు వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ నైట్రేట్‌నే మొక్కలు బాగా తీసుకుంటాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, చలిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. అందాకా చేపలు వేయకుండా, నీటిలో కొద్దిగా అమ్మోనియా కలుపుతూ పంపు నడపండి. కలిపిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాక చేపల్ని వదలండి. తొందరపడి ముందే వేసి, అవి చచ్చిపోయి, మళ్లీ కొనుక్కునేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు అత్యవసర నిధి. ఉద్యోగం పోతే సినిమాలు మానేయొచ్చు, బట్టలు వాయిదా వేయొచ్చు. చేపలకు ఆ సంగతి తెలియదు, ఆ నెల కూడా పంపు తిరగాలి, మేత పడాలి. కాబట్టి తొట్టి పెట్టాక మీ నిధి తగ్గకపోగా, ఆరు నెలల కరెంటు, మేత ఖర్చు మేరకు పెరగాలి. అందులోంచే తీసి తొట్టి కడితే రెండు వైపులా కోతే.

అమ్మకం సంగతి. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివిధ దేశాల్లో వ్యాపారంగా ఆక్వాపోనిక్స్ చేస్తున్న 257 మందిని అడిగితే, ముందటి పన్నెండు నెలల్లో లాభం వచ్చిందన్నది 31 శాతమే. లాభాల్లో ఉన్నవాళ్లలో పంటతో పాటు పరికరాలో, శిక్షణో అమ్ముకునేవాళ్లు ఎక్కువ. మీకు కిట్ చూపించినవారు ఏ వ్యాపారంలో ఉన్నారో అర్థమైంది కదా. రెండు విడతల చేపలు తీసి, నోటుపుస్తకంలో మేత, యూనిట్లు, కోత బరువు రాసుకున్నాక మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడదాం.

డబ్బు ఎక్కడిదంటారా? కట్టడానికి సిద్ధపడ్డ ఈఎంఐనే వేరే ఖాతాలో మీకు మీరు కట్టుకోండి. మీ లెక్క ప్రకారం నాలుగు నెలలకు సొంత తొట్టి ఖర్చు చేరుతుంది. అయిదో నెల డబ్బు గాలి పంపు ఆగకుండా చూసే బ్యాటరీకి. చేపలు నిండుగా ఉన్న తొట్టిలో కరెంటు పోతే కొన్ని గంటల్లోనే ఊపిరాడక పోతాయి, దీన్ని విలాసం అనుకోకండి. ఆరో నెలది మీరు తప్పకుండా చేయబోయే ఏదో ఒక పొరపాటుకు. నాది కంకర, మీది ఏమిటో చూడాలి.

మొదటి నెల మాత్రం నీటి పరీక్ష కిట్ ఒక్కటే కొనండి. మీ కుళాయి నీటి పీహెచ్ ఎంతో చూడండి, మొక్కలు, చేపలు, బ్యాక్టీరియా మూడూ సర్దుకునేది 7కి కాస్త అటూ ఇటూగా. క్లోరిన్ కలిపిన నీళ్లయితే ఒకట్రెండు రోజులు గాలి ఆడించి వాడుకోవచ్చు. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతుంటే అలా పోదు, ఫిల్టర్‌కో విరుగుడు మందుకో జాబితాలో ఇంకో వరుస చేర్చాల్సి ఉంటుంది. ఏది కలుపుతున్నారో మీకు నీళ్లు సరఫరా చేసేవాళ్లకు ఒక ఫోన్ చేస్తే తెలుస్తుంది.