కొండ అడవిలో జంతువుల లెక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

తూర్పు కనుమల ఊళ్లలో యువక సంఘాలు, వన సంరక్షణ సమితులు తమ చుట్టూ ఉన్న అడవిని తామే గమనించుకోవాలనుకుంటున్నాయి. వచ్చిన ఉత్తరాల్లోంచి అయిదింటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి కుర్రాళ్లం చందాలు వేసుకున్నాం. జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసే నాలుగు కెమెరా ట్రాప్‌లు కొని అడవిలో ఏమేం తిరుగుతున్నాయో చూడాలని ఉంది. ఏ రకం కొనాలి? – మారేడుమిల్లి ప్రాంతం నుంచి

ఇప్పుడే కొనకండి. ముందు ఆరు నెలలు ఒకే దారిలో నడవండి. నాలుగు కెమెరాలు మంచి ఫోటోలు ఇస్తాయి గానీ, ఏ జంతువు పెరుగుతోందో ఏది తగ్గుతోందో చెప్పలేవు. ఒకే దారిలో, ఒకే తీరున, విసుగు లేకుండా నడిస్తేనే అది తెలుస్తుంది.

ఊరికి దగ్గర్లో రెండు కిలోమీటర్ల దారి ఎంచుకోండి. అందులో ఒక వాగు, కొంత వెదురు, కొన్ని పెద్ద చెట్లు ఉండాలి. అంతా పోడు చేల మధ్యే సాగే దారి వద్దు, నడుం విరిగే ఎక్కుడూ వద్దు. నెలకు రెండుసార్లు, ఎవరు ఊళ్లో ఉంటే వాళ్లు వెళ్లిరాగలిగేలా ఉండాలి. పొద్దున్న ఆరింటికి ఇద్దరే బయల్దేరండి. గంటకు కిలోమీటరుకు మించిన వేగం వద్దు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. అరడజను మంది కబుర్లాడుకుంటూ వెళ్తే కనబడేది పారిపోతున్న కొండగొర్రె తోక ఒక్కటే.

పుస్తకంలో గళ్లు ఇలా గీసుకోండి: తేదీ, బయల్దేరిన సమయం, ముగించిన సమయం, నడిచినవాళ్లు, ముందు రోజు వాన పడిందా, జంతువు, ఎన్ని, ఎలా తెలిసింది (కంటితో చూశారా, అడుగులా, పెంటికలా, చెట్టు మీద గోళ్ల గీతలా, అరుపా), ఎక్కడ. చోటు రాసేటప్పుడు వాగు పేరు, బండ పేరు, చెట్టు పేరు మీ ఊళ్లో పిలిచేవే రాయండి. ఫోన్‌లో జీపీఎస్ పని చేస్తే అదీ పక్కన రాసుకోవచ్చు. పెన్ను మాత్రం వద్దు, తడిస్తే సిరా అలుక్కుపోతుంది. పెన్సిలే మేలు. ఏ జంతువో తేలకపోతే ‘తెలియలేదు’ అని రాయడానికి సిగ్గు పడక్కర్లేదు. అడుగులో గోళ్ల గుర్తులు దిగబడి ఉంటే అది చాలావరకు కుక్క జాతిది. చిరుత, పులి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి.

ఎక్కువ పుస్తకాలు చెడేది ఒక్క చోటే. ఏమీ కనబడని రోజున ఎవరూ ఏమీ రాయరు. ఆ ఖాళీ రోజు రాయకపోతే మిగతావాటికి విలువ లేదు. లెక్క చూడండి: రెండు కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు, ఏడాదికి 48 కిలోమీటర్లు. అందులో కణితి (సాంబర్ జింక) జాడలు 12 దొరికితే కిలోమీటరుకు 0.25. మరుసటి ఏడాది సగం నడకలే నడిచి 6 జాడలు చూస్తే అదీ 0.25. కణుతులు తగ్గలేదు, మీ నడక తగ్గింది.

ఇంకో రెండు జాగ్రత్తలు. లెక్కలోకి తీసుకున్న పెంటికల కుప్పను కర్రతో దారి పక్కకు నెట్టేయండి, లేకపోతే పదిహేను రోజుల తర్వాత మళ్లీ దాన్నే లెక్కపెడతారు. అలాగే జులైని ఫిబ్రవరితో పోల్చకండి. వానల్లో పేడపురుగులు పెంటికల్ని చూస్తుండగానే మాయం చేస్తాయి, అడుగులు కొట్టుకుపోతాయి. ఆకు రాలే కాలంలో నేలంతా ఎండుటాకులు పరుచుకుని అడుగు పడినా అచ్చు దిగదు. ఈ ఏడు జనవరిని వచ్చే ఏడు జనవరితోనే పోల్చాలి.

ప్రశ్న: మాకు ఒక సంస్థ రెండు కెమెరాలు ఇచ్చింది. నెల తర్వాత కార్డు తీస్తే వేల ఫోటోలు, అన్నిట్లోనూ గడ్డే. కెమెరా పాడైందా? – చింతపల్లి

కెమెరా బాగానే ఉంది, కట్టిన చోటే తప్పు. దాని సెన్సార్ పసిగట్టేది కదిలే వేడిని. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే దానికి అది జంతువుతో సమానం. ముందున్న మూడు నాలుగు మీటర్ల మేర గడ్డి, కొమ్మలు కోసేయండి. తూర్పుకో పడమరకో తిప్పి కడితే సూర్యుడు నేరుగా కంట్లో కొడతాడు, కాబట్టి ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి. గాలికి ఊగే సన్న చెట్టు వద్దు, లావు మాను చూసుకోండి. ఎత్తు మోకాలి దగ్గర, అంటే 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల. జంతువు నడిచే దారి నుంచి మూడు మీటర్లు ఎడం ఉంచండి. కట్టాక ఒకరు నాలుగు కాళ్ల మీద పాకుతూ ముందు నుంచి వెళ్లి చూడాలి. నిలబడి నడిస్తే మీ నడుము ఫోటో వస్తుంది, కింద నుంచి పోయే పునుగుపిల్లి రాదు.

పాత బ్యాటరీలు, కొత్తవి కలపకండి. బ్యాటరీ మార్చినప్పుడల్లా తేదీ, సమయం చూసుకోండి. కొన్ని కెమెరాలు మొదటి తేదీకి వెళ్లిపోతాయి, అప్పుడు నెల రోజుల ఫోటోలూ ఏ రోజువో తెలియక పనికిరాకుండా పోతాయి. కట్టగానే పలక మీద ఆ రోజు తేదీ, సమయం, చోటు రాసి కెమెరా ముందు పట్టుకుంటే ఆ చిక్కు తీరుతుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టి, నెలకోసారి మార్చండి. చీమలు లోపల గూడు పెడతాయి, సాలెగూడు అడ్డం పడితే రాత్రి ఫోటోలన్నీ తెల్లగా వస్తాయి. ఎలుగుబంటికి ఈ పెట్టెలంటే మహా కుతూహలం, కొరికి చూడందే వదలదు. మే నెల మధ్యాహ్నాల్లో నేల వేడి, జంతువు ఒంటి వేడి ఒకటైపోతాయి. ఆ వేళ ఫోటోలు లేవంటే జంతువులు లేవని కాదు.

చిరుతలు ఎన్నో తేల్చాలంటే దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలుండాలి, ఎందుకంటే ఒక్కో చిరుతను గుర్తుపట్టేది మచ్చలతోనే, ఎడమ పక్క మచ్చలు, కుడి పక్క మచ్చలు వేరు. మీకున్న రెండూ ఒకే చోట కట్టేయాల్సి వస్తుంది. అది ప్రస్తుతానికి వదిలేయండి.

అనుమతి సంగతి. పాపికొండలు వంటి నేషనల్ పార్కులోనైనా, అభయారణ్యంలోనైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. రిజర్వు అడవిలోనూ రేంజర్‌కు రాతపూర్వకంగా చెప్పకుండా కట్టొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ వన్యప్రాణుల్నీ అడవినీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. గ్రామసభ తీర్మానం కాపీ దరఖాస్తుకు జతచేస్తే మాట చెల్లుబాటవుతుంది.

ఇంకొకటి, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. కట్టెలకూ అడ్డాకులకూ వెళ్లే ఆడవాళ్లకు కెమెరాలు ఎక్కడున్నాయో ముందే చెప్పండి, మనుషుల ఫోటోలు అదే రోజు తుడిచేయండి. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ ప్రాంతంలో అడవి కెమెరాకు చిక్కిన ఒక మహిళ ఫోటో ఫోన్లలో తిరిగింది, ఊరివాళ్లు కోపంతో కెమెరాలు పగలగొట్టారు. 2024లో వచ్చిన కేంబ్రిడ్జ్ పరిశోధన దీన్ని నమోదు చేసింది. తప్పు ఊరివాళ్లది కాదు.

ప్రశ్న: వాగు పక్క పెద్ద చెట్టు తొర్రలో హార్న్‌బిల్ గూడు ఉంది. ఎలా గమనించాలి? – రంపచోడవరం మన్యం

ఈ పెద్ద ముక్కు పక్షుల్లో మీ వైపు ఉండేది ఎక్కువగా మలబార్ పైడ్ హార్న్‌బిల్. ఆడపక్షి తొర్రలో దూరి, రెట్టతో, పళ్ల గుజ్జుతో వాకిలి పూడ్చేసుకుంటుంది. సన్నటి చీలిక లోంచి మగపక్షి జువ్వి, మర్రి, రావి పళ్లు అందిస్తుంది. అంటే ఎవరైనా మగపక్షిని కొడితే లోపలున్నవాటికి తిండి పెట్టే దిక్కుండదు.

చెట్టుకు 40, 50 మీటర్ల దూరంలో, ఆకుల చాటున, మట్టి రంగు బట్టల్లో కూర్చోండి. పొద్దున్న మూడు గంటలు చాలు. మగపక్షి వచ్చిన సమయం, ఎన్నిసార్లు అందించింది, ఏం పళ్లు, ఇవి రాయండి. అది దూరపు కొమ్మ మీద వాలి గూటికి రాకుండా అరుస్తుంటే మీరు మరీ దగ్గరగా కూర్చున్నారని లెక్క, వెనక్కి జరగండి. చెట్టు కింద రాలిన గింజలు, రెట్టలు తాజాగా ఉన్నంత కాలం గూడు నడుస్తున్నట్టే. చెట్టు ఎక్కొద్దు, తొర్రలోకి టార్చి వేయొద్దు. గూడున్న చోటును వాట్సాప్‌లో పెట్టొద్దు, పక్షి పిల్లల్ని పట్టుకుపోయేవాళ్లూ ఆ గ్రూపుల్లో ఉంటారు.

ఈ పక్షి సొంతంగా తొర్ర తొలుచుకోలేదు. ‘పుచ్చిపోయిన మాను, కొట్టేద్దాం’ అనుకునే చెట్టే దానికి ఇల్లు.

ప్రశ్న: గమనించేవాళ్లకు డబ్బివ్వాలా? చూసిన జంతువుకు ఇంత అని పెడదామా? – అరకు

ఇవ్వాలి. జంతువుకు ఇంత అని మాత్రం వద్దు. అలా పెడితే జంతువులు అడవిలో పెరగవు, కాగితం మీద పెరుగుతాయి. రోజు కూలి లెక్కన, కనబడినా కనబడకపోయినా ఒకే మొత్తం ఇవ్వండి. అరుణాచల్‌లోని పక్కే అనే పులుల అభయారణ్యం చుట్టూ నిశి తెగ గ్రామాల్లో హార్న్‌బిల్ గూళ్ల దత్తత కార్యక్రమం 2011లో మొదలైంది. ఊరి పెద్దల సంఘం ఘోరా-ఆభె, అటవీశాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ కలిసి నడిపాయి. ఒకప్పుడు వేటాడిన వాళ్లలో కొందరు అక్కడ గూళ్లకు కాపలాదారులయ్యారు. దాతలిచ్చే సొమ్ములోంచి వాళ్లకు నెల జీతం అందుతుంది.

ప్రశ్న: నడకలో తీగ ఉచ్చులు కనబడ్డాయి. పెట్టిందెవరో కూడా తెలుసు. పుస్తకంలో రాయాలా? – పేరు వద్దన్నారు

ఉచ్చు ఎక్కడుందో, ఎన్నున్నాయో రాయండి. పేరు రాయకండి. పుస్తకం ఫిర్యాదుల చిట్టా అయిన రోజు నుంచి ఊళ్లో మీకు ఎవరూ ఏదీ చెప్పరు. పేరు సంగతి ఊరి పెద్దల ముందు నోటిమాటగా తేలాలి, తేలకపోతే రేంజర్ దగ్గర.

ఉచ్చుకు ఫోటో తీసి అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు కబురు పెట్టండి, ఆయనతో కలిసే తీయండి. ఒక్కరే తీసి చేతిలో పట్టుకుని వస్తుంటే వేటగాడని మిమ్మల్నే పట్టుకోవచ్చు. జంతువు బతికి చిక్కుకుని ఉంటే దగ్గరికి పోవద్దు. చిరుత అయితే తీగ తెంపుకుని మీద పడుతుంది. పంది కోసం పెట్టిన నాటుబాంబు, పిండి ముద్దలా ఉన్నా సరే, ముట్టుకోకూడదు, కాలితో తన్నకూడదు. చుట్టూ కొమ్మలు పాతి గుర్తు పెట్టి, ఆ దారిన పశువులు రాకుండా ఒకరు కాపు ఉండి, రెండోవాళ్లు కబురు తీసుకెళ్లాలి. కరెంటు తీగ లాగి ఉంటే ముందు ఫోన్ విద్యుత్ లైన్‌మన్‌కు, ఆ తర్వాతే మిగతావాళ్లకు.