ఊరి భూమి కొనే కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

సందేహం: స్కాట్లాండ్ హైలాండ్స్‌లో కేర్ హోం పనికి వచ్చి ఏడు నెలలైంది. ఎస్టేటు వాళ్ల పొలం ఊరంతా కలిసి కొనాలంటూ పక్కింటి పెద్దావిడ సంతకం అడుగుతోంది. మామీద డబ్బులేమైనా పడతాయా? వీసాకి ఇబ్బందా?

పెట్టు తమ్ముడూ. మీ ఆవిడ చేత కూడా పెట్టించు. ఆ సంతకం పెట్టక నేనెంత పోగొట్టుకున్నానో చెబుతాను, విను.

మేమొచ్చింది 2013లో. వానలో ఒక పెద్దావిడ మా గుమ్మంలోకొచ్చింది. అట్ట తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, పెన్నును దారంతో కట్టుకుంది. ఆవిడ చెప్పిందాంట్లో "ల్యాండ్", "సైన్" అన్న రెండు మాటలే నాకు అర్థమయ్యాయి. గుండె ఆగినంత పనైంది. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో మా నాన్న ఎవరికోసమో ప్రాంసరీ నోటు మీద పూచీ సంతకం పెట్టి ఎకరం పావు పోగొట్టుకున్నాడు. "సంతకమంటే అప్పే" అని పెరిగినదాన్ని. ఆవిడకి టీ కూడా ఇవ్వకుండా తలుపేసుకున్నాను.

అది అప్పు కాగితం కాదు, ఊళ్లో ఇంతమందికి ఇష్టమేనని చూపించే కాగితం. స్కాట్లాండ్ 2003 భూసంస్కరణల చట్టం ప్రకారం ఊరి సంఘం ఒక భూమి మీద తన ఆసక్తిని ముందుగా రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికి ఊరి ఓటర్లలో కనీసం 10 శాతం మద్దతు కావాలి. రిజిస్టరయ్యాక ఓనరు ఎప్పుడు అమ్మదలచుకున్నా మొదటి అవకాశం ఊరిదే. అప్పుడు ఓటింగు పెడతారు. ధర ప్రభుత్వం నియమించిన వాల్యుయర్ కడతాడు, అదీ మార్కెట్ రేటుకే. రిజిస్ట్రేషన్ అయిదేళ్లుంటుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. మిగతా షరతులు ప్రభుత్వ సైటులో ఉన్నాయి, చదువుకో.

మా ఊళ్లో ఆ కాగితం నిండకముందే బడి పక్కన పొలం అమ్ముడుపోయింది. కొన్నాయన సెలవు కాటేజీలు కట్టాడు. నా ఒక్క సంతకం లేకే ఊరి ప్రయత్నం ఆగిందని అనను. నాలా తలుపేసుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఊళ్లో అద్దె ఇల్లు దొరక్క 28 మైళ్ల అవతల ఉండాల్సొచ్చింది. పెట్రోలుకే నెలకు 160 పౌండ్లు. నాలుగేళ్లు అలా కట్టాను. ఆ లెక్క వేసిన డైరీ ఇంకా నా దగ్గరుంది.

ఇక్కడి పల్లెల్లో ప్రైవేటు భూమి సగం దాకా అయిదొందలమందికన్నా తక్కువ ఓనర్ల చేతుల్లో ఉంది. మన వైపు 1948 చట్టంతో జమీందారీలు పోయాయి కాబట్టి మనకిది వింతగా ఉంటుంది. నేనైతే పోచంపల్లి భూదానంలా ఉత్తినే రాసిస్తారనుకున్నాను. కాదు, ఊరే కొనుక్కోవాలి. ఎగ్ అనే చిన్న దీవిని ఈ చట్టం రాకముందే, 1997లో, వేలమంది చందాలతో 15 లక్షల పౌండ్లకు కొన్నారు. ఇప్పుడు ఊళ్లు భూమి కొనుక్కోడానికి ప్రభుత్వ డబ్బుతో సాయం చేసే స్కాటిష్ ల్యాండ్ ఫండ్ ఉంది. మామూలుగా ఖర్చులో 95 శాతం దాకా, గరిష్ఠంగా పది లక్షల పౌండ్లు ఇస్తుంది.

ఇప్పుడు నీ జేబు సంగతి. సంతకానికి పైసా పడదు. ఓటుకీ పడదు. సంఘంలో సభ్యత్వం తీసుకున్నా, అది గ్యారంటీ కంపెనీ (వాటాలుండవు, మూతపడితే ఇంత కడతామని సభ్యులు పూచీ ఇస్తారు) అయితే నీ పూచీ మామూలుగా ఒక్క పౌండు. అయినా నిబంధనల కాగితంలో ఆ అంకె నీ కళ్లతో చూసుకో. డైరెక్టరుగా ఉండమంటే మాత్రం వీసా షరతులు చూడకుండా ఒప్పుకోకు.

రెండో తప్పు చందాల దగ్గర చేశాను. 2018లో మళ్లీ ఇంకో పొలం కోసం ఊరు పూనుకుంది. పాత తప్పు కడుక్కోవాలని వీసా రెన్యువల్‌కి దాచిన డబ్బులోంచి 800 పౌండ్లు ఇచ్చేశాను. మూడు నెలలకి ఫీజూ హెల్త్ సర్‌చార్జీ కట్టాల్సొచ్చి, మా మరిది దగ్గర చెయ్యి చాచాను. కొత్తగా వచ్చినవాళ్లు మొహమాటానికి పోయి ఇచ్చేస్తుంటారు. నువ్వు ఇవ్వకు. ముందు ఆరు నెలల అద్దె, వీసా ఫీజు పక్కన పెట్టుకో. డబ్బుకి బదులు చేతి సాయం చెయ్యి. ఊరి హాల్లో కేలీ డాన్సు పెట్టిన రాత్రి నేనూ మా ఆయనా తొంభై ప్లేట్ల కోడికూర అన్నం వండాం. సరుకులకి మాకైంది 140 పౌండ్లు. ఊరికి అంతకు నాలుగింతలు వచ్చింది. పైగా ఆ రాత్రి తర్వాతే నన్ను పేరు పెట్టి పిలవడం మొదలైంది.

ఆ పొలం ఊరిదైంది. అందులో కట్టిన ఆరు అద్దె ఇళ్లలో ఒకటి మాది. డ్యూటీకి నడిచి వెళ్తాను, ఆ 160 పౌండ్లు ఇప్పుడు పిల్ల పేరున పడుతున్నాయి.

ఇంకోటి, మనవాళ్లు చాలామందికి తెలియదు. మనం కామన్వెల్త్ పౌరులం. వీసా మీదున్నా ఇక్కడి ఓటర్ల జాబితాలో చట్టబద్ధంగా పేరు ఎక్కించుకోవచ్చు, ఇబ్బంది రాదు. జాబితాలో లేకపోతే నీ సంతకం లెక్కలోకి రాదు. ముందు ఆ పని చెయ్యి, రుసుమేమీ లేదు. తర్వాత ఆ పెద్దావిడ ఇంటికి నువ్వే వెళ్లు, నీకోసం మళ్లీ వానలో తిరగనివ్వకు.