కాలవ గట్టు బొమ్మలతో బతకగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. సెలవు దొరికితే చాలు, రంగులు పట్టుకుని కాలవ గట్టుకు పోతుంది. చెట్లు, నీళ్లు, మబ్బులే వేస్తుంది, మనుషుల బొమ్మలు వేయదు. ఈఏపీసెట్ రాయను, బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చదివి ప్రకృతి దృశ్యాలు వేసుకుంటూ బతుకుతాను అంటోంది. నేను రైస్ మిల్లులో గుమస్తాను. వద్దంటే ఏడుస్తోంది, సరే అనడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: అయ్యా, మీరు మిల్లులో పని చేస్తున్నానన్నారు కాబట్టి ముందు ఒక మిల్లు ఇంటి సంగతి చెబుతాను. ఇంగ్లండ్‌లో సఫోక్ ప్రాంతంలో గోల్డింగ్ కాన్‌స్టబుల్ అనే ధాన్యం వ్యాపారి ఉండేవాడు. స్టూర్ నది ఒడ్డున ఆయనకు పిండిమర ఉండేది. కొడుకు జాన్ వ్యాపారం అందుకుంటాడని ఆయన ఆశ. జాన్ కొన్నాళ్లు మరలో పని చేశాడు కూడా. కానీ మనసు బొమ్మల మీదే ఉండటంతో తండ్రి చివరికి ఒప్పుకుని, ఖర్చులకు డబ్బిస్తూ 1799లో చిత్రకళ నేర్పే లండన్ రాయల్ అకాడమీకి పంపాడు. తర్వాత మరను తమ్ముడు చూసుకున్నాడు.

జాన్ వేసిన వాటిలో అందరికీ తెలిసినది నదిలో నిలబడ్డ గడ్డిబండి బొమ్మ. 1821లో లండన్‌లో ప్రదర్శనకు పెడితే అమ్ముడుపోలేదు. 1824లో అదే బొమ్మకు పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. సొంత దేశంలో అకాడమీ పూర్తి సభ్యత్వం దక్కేసరికి ఆయనకు 52 ఏళ్లు. అంతకాలం ఇల్లు ఎలా గడిచిందంటే, ఇంటి నుంచి వచ్చిన డబ్బు కొంత, అడిగినవాళ్లకు వాళ్ల రూపాల బొమ్మలు వేసిపెట్టి సంపాదించింది కొంత.

మీ అమ్మాయికి కూడా పేరొస్తుందని ఆశ పెట్టడానికి ఈ కథ చెప్పడం లేదు. ప్రకృతి దృశ్యాలు అన్నం పెట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది, ఈలోగా ఆ చేతితోనే చేసే ఇంకో పని ఉండాలి. ఆ రెండో పని ఏమిటో బీఎఫ్‌ఏలో చేరకముందే మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

నాకు తోచిన వాటిలో ఆమె ఇష్టానికి బాగా దగ్గరగా ఉన్నది యానిమేషన్, గేమింగ్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు వేసే పని. హైదరాబాద్‌లో ఇలాంటి స్టూడియోలు చాలా ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి చెట్టు నీడ ఎటు పడుతుందో, వాన వెలిశాక మట్టి ఏ రంగుకు తిరుగుతుందో చూసి నేర్చుకున్న పిల్లకు అక్కడ విలువ ఉంటుంది. కంప్యూటర్‌లో బొమ్మ వేయడం నేర్చుకోవాలి, అది కాలేజీలో వస్తుంది. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, పిల్లల పుస్తకాల బొమ్మలు, స్కూల్లో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం కూడా ఉన్నాయి. టీచర్ వైపు వెళ్లాలనుకుంటే ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఇప్పుడే రాయించండి. వాటికి పెద్ద ఖర్చు కాదు.

బొమ్మలు అమ్ముకోవడం గురించి కూడా దాచకుండా చెబుతాను. గ్యాలరీలో బొమ్మ అమ్ముడైతే ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీకే పోతుంది. ఫ్రేము, రవాణా ఖర్చు చాలాసార్లు మనదే. వారం రోజులు ప్రదర్శన పెట్టినా ఒక్క బొమ్మ కదలకపోవచ్చు. ఈ లెక్క ఆమెకు మీరే చెప్పండి. మీరు గుమస్తా కదా, లెక్క మీరు చెబితే వింటుంది.

ఇక ఆమెకు ఈ పని పడుతుందా లేదా అన్నది. జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో ఉండి ఉత్త మబ్బులనే పదుల సంఖ్యలో వేశాడు. చాలా బొమ్మల వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు. పరీక్షలయ్యాక మీ అమ్మాయికి ఒక పని పెట్టండి. కాలవ గట్టున ఒకే చోటు ఎంచుకుని, అదే చోటును ముప్పై సార్లు వేయాలి. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు. ప్రతి బొమ్మ వెనక తేదీ, టైమ్ రాయాలి. బయట వెలుగు ఒక గంటలోనే మారిపోతుంది, అందుకే అక్కడ చిన్న బొమ్మ గబగబా వేసుకుని, పెద్దది ఇంటికొచ్చి వేస్తారు. గడ్డిబండి బొమ్మ కూడా అలా లండన్‌లోని గదిలో పూర్తయినదే. పదో బొమ్మకే విసుగొస్తే, బొమ్మలు ఆమెకు మంచి అలవాటు, చదువు వేరే చూసుకోవచ్చు. ముప్పై అయ్యాక ఇంకో పది వేస్తానంటే మాత్రం మీరు అడ్డుపడకండి.

ఆడపిల్ల ఒంటరిగా గట్టున కూర్చుంటుందన్న భయం మీరు రాయలేదు గానీ, మీకు ఉండే ఉంటుంది. మానిపించవద్దు. స్నేహితురాలిని తోడు తీసుకెళ్లమనండి. కుదిరిన ఆదివారం మీరే వెళ్లి పక్కన కూర్చోండి.

చదువు సంగతి. బీఎఫ్‌ఏ నాలుగేళ్లు. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, దానికి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏపీ పిల్లలకు సీట్ల నిబంధన ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. మన వైపు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. దూరం పంపగలిగితే శాంతినికేతన్, బరోడా. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. అది గుర్తుపెట్టుకోండి. ఈఏపీసెట్ కూడా రాయమనండి, కానీ బెదిరించి కాదు. ఇంకో దారి మూసుకోకుండా ఉండటానికని చెప్పండి.

ఈలోగా ఒకరోజు ఆమెను రాజమండ్రి తీసుకెళ్లండి. అక్కడ చిత్రకారుడు దామెర్ల రామారావు పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిని గుర్తించి ప్రోత్సహించాక బొంబాయిలో జేజే అనే చిత్రకళా స్కూల్లో చదివారు. 1925లో, ఇంకా ముప్పై ఏళ్లు రాకుండానే మశూచితో పోయారు. అచ్చు పుస్తకాల్లో, ఫోన్‌లో చూసేది వేరు, అసలు బొమ్మ ముందు నిలబడి రంగు ఎలా పెట్టారో చూడటం వేరు.

అక్కడ ఆమె మనుషుల బొమ్మలు కూడా చూడాలి. ఎందుకంటే, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఆ మాటే, మనుషుల బొమ్మలు వేయదని. ప్రవేశ పరీక్షల్లో మనుషులున్న దృశ్యం వేయమని అడుగుతారు, బీఎఫ్‌ఏ మొదటి ఏడాది నుంచీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేయిస్తారు. చెట్లే వేస్తానంటే అక్కడ కుదరదు. రోజూ అరగంట ఇంట్లోవాళ్లను చూసి వేయమనండి. మొదటి బొమ్మకు, రాత్రి మిల్లు నుంచి వచ్చాక, మీరే కదలకుండా కూర్చోండి.