ఇస్రో అన్నాక మళ్ళీ ‘సంస్థ’ ఎందుకు?

సందేహం: మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ‘ఇస్రో సంస్థ శ్రీహరికోటలో ఉంది’ అని వ్యాసం మొదలుపెట్టాడు. ‘సంస్థ’ కొట్టేసి అర మార్కు తీశాను. వాళ్ళ నాన్న వచ్చి, పేపర్లో కూడా అలాగే రాస్తున్నారు కదా టీచర్ గారూ అన్నారు. ఎవరిది ఒప్పు? శ్రీహరికోట ప్రయోగ కేంద్రాన్ని షార్ అంటారు కదా, ఆ మాట ‘శరం’ నుంచి వచ్చిందంటారు, నిజమేనా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: మీరు కొట్టేయాల్సింది ‘సంస్థ’ను కాదమ్మా, ‘శ్రీహరికోటలో’ అన్నదాన్ని! ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంది. శ్రీహరికోటలో ఉన్నది దాని ప్రయోగ కేంద్రం. రాకెట్ లేచేది మన పక్కనే కాబట్టి నెల్లూరు వైపు పిల్లలకు రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇక మీ సందేహం. ఇండియన్ స్పేస్ రీసెర్చ్ ఆర్గనైజేషన్ 1969 ఆగస్టు 15న ఏర్పడింది. తెలుగులో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ. లెక్క ప్రకారం ‘ఓ’లోనే సంస్థ ఉంది, నిజమే. కానీ ఏటీఎంలో ‘ఎం’ అంటే మిషనే అయినా ‘ఏటీఎం మిషను’ అంటున్నాం. పిన్ నంబరూ అంతే. ‘నడిసెంటరు’ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన పాత పొడి అక్షరాల పద్ధతి వేరు. శుభలేఖలో చి.ల.సౌ. అని ఉంటే ఎవరూ ‘చిలసౌ’ అని చదవరు, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనే చదువుతారు. అవి కాగితం మీద చోటు కలిసిరావడానికి పుట్టినవి. ఇస్రో అలా కాదు. నోటికి ఎక్కి, లోపలి మాటలు మరుగునపడి, రాడార్‌లాగా ఒక పేరైపోయింది. అందుకే మధ్యలో చుక్కలు కూడా పెట్టం. పేరు పక్కన అదేమిటో చెప్పడం మనకు అలవాటే: పెన్నా నది, ఉదయగిరి కోట. నేనైతే ఆ అర మార్కు తిరిగి ఇచ్చేస్తాను. కాకపోతే వ్యాసం పొడుగునా ‘ఇస్రో సంస్థ, ఇస్రో సంస్థ’ అంటుంటే విసుగు. మొదటిసారి చాలు.

షార్‌కూ శరానికీ చుట్టరికం లేదు. రాకెట్‌కు బాణం పోలిక బాగా కుదిరింది కాబట్టి ఆ కథ ప్రచారంలోకి వచ్చింది. షార్ అన్నది ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం. కొందరు శ్రీహరికోట రేంజ్ అని, కొందరు శ్రీహరికోట హై ఆల్టిట్యూడ్ రేంజ్ అని విడదీస్తారు. రేంజ్ అంటే ఇక్కడ ప్రయోగ స్థలం. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో ఆ కేంద్రానికి ఇస్రో పూర్వ అధ్యక్షుడు సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. కేంద్రం పేరు మారినా, జిల్లా మారినా జనం నోట్లో పాత మాటే ఉంది, అదీ చివర మన ‘ఉ’కారం తగిలించుకుని. సూళ్లూరుపేట బస్టాండులో దిగి, సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రానికి ఎలా వెళ్ళాలని అడిగి చూడండి. ‘షారుకా?’ అని ఎదురు అడుగుతారు.